తప్పిన బంతిని అందుకున్నవాడు

బాస్కెట్‌బాల్ ఆటలో మన చూపంతా బుట్టలో బంతి వేసినవాడి మీదే ఉంటుంది. కానీ వేసిన ప్రతి బంతీ పడదు కదా! రింగుకు తగిలి తిరిగొచ్చిన బంతిని అందుకోవడమే రీబౌండ్. ఆస్ట్రేలియా ఎన్.బి.ఎల్. లీగ్‌లో ఇందులో మేటి మార్క్ బ్రాడ్కీ. ఆయన ఎత్తు 208 సెం.మీ. అయితే ఎత్తొక్కటే చాలదు. బంతి ఎటు పడుతుందో ముందే ఊహించి, ఎదుటివాణ్ణి వీపుతో అడ్డుకొని చోటు పట్టాలి. మెల్‌బోర్న్ టైగర్స్‌లో ఆండ్రూ గేజ్ పాయింట్లు సాధిస్తే, బ్రాడ్కీ తప్పిన బంతులు తెచ్చేవాడు. ఆ జట్టు 1993, 1997లలో విజేత అయింది. 2002లో, 33 ఏళ్ళ వయసులో బ్రాడ్కీ లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు.

మిత్రులారా! పరీక్ష తప్పినా అంతే. మళ్ళీ అందుకోవడానికి మనం సిద్ధంగా నిలబడి ఉండాలి.