రికార్డ్ చేసింది మనం, తాళం మాత్రం వాళ్ళ దగ్గర: ఇంట్లో సొంత టీవీ రికార్డర్ పెట్టుకున్న అనుభవం

మా నాన్నది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. ఏ షిఫ్ట్, బీ షిఫ్ట్, సీ షిఫ్ట్ అంటూ టైమ్ మారిపోతూనే ఉంటుంది కాబట్టి ఏ ప్రోగ్రామూ ఆయన కోసం ఆగదు. అందుకే కూర్మన్నపాలెంలోని మా ఇంటికి డీటీహెచ్ రికార్డర్ బాక్స్ చాలా ముందే వచ్చేసింది.

నాన్నకి పద్యనాటకాల పిచ్చి. ప్లాంట్‌లో తోటివాళ్ళతో కలిసి వేసిన రాయబారం సీన్ ఒకసారి టీవీలో వచ్చింది. నాన్న కృష్ణుడు. ఆ రోజు ఆయనకి బీ షిఫ్ట్, రాత్రి పది దాటితే గానీ ఇంటికి రారు. అమ్మే రికార్డ్ బటన్ నొక్కింది. ఆ తర్వాత మా ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు అదే ప్లే అయ్యేది.

రెండేళ్ళకి బాక్స్ చచ్చిపోయింది. కంపెనీ టెక్నీషియన్ కొత్తది పెట్టి "పాత రికార్డింగ్‌లు రావండీ" అని తేల్చేశాడు. నేను ఊరుకోకుండా హార్డ్ డిస్క్ ఊడదీసి ల్యాప్‌టాప్‌కి తగిలించాను. ఫైల్స్ కనిపించాయి, ఒక్కటీ ప్లే అవ్వలేదు. అన్నీ ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి, తాళంచెవి ఆ చచ్చిపోయిన బాక్స్‌లోనే ఉంది. బీటెక్ చదివి, రోజూ కోడ్ రాసి బతికేవాడిని, మా నాన్న సీన్ బయటికి తీయలేకపోయాను. "పోనీలేరా, మళ్ళీ ఏస్తాంలే" అన్నారు నాన్న. కానీ దుర్యోధనుడు వేసిన ఆయన స్నేహితుడు అప్పటికే చనిపోయారు. మళ్ళీ ఎలా వేస్తారు?

మొన్న జూలైలో ఆ ప్రోగ్రామ్ పునఃప్రసారం ఉందని నాన్నకి ఫోన్ వచ్చింది. నా చేతిలో పది రోజులు.

అక్క చెప్పిన డబ్బా

డాలస్‌లో ఉండే మా అక్క దగ్గర నెట్‌వర్క్ ట్యూనర్ ఒకటుంది. యాంటెన్నా తగిలిస్తే గాల్లో వచ్చే ఛానెళ్ళని వైఫై మీద ఇంట్లో అన్ని టీవీలకీ ఇస్తుంది, రికార్డ్ కూడా చేస్తుంది. అదీ ఏటీఎస్‌సీ 3.0 మోడల్, అంటే అక్కడ నెక్స్ట్‌జెన్ టీవీ అని పిలిచే కొత్త ప్రసార పద్ధతికి పనికొచ్చేది. 2017లో దక్షిణ కొరియా దీన్ని మొదలుపెట్టింది, అమెరికా కూడా అదే ఏడాది అనుమతిచ్చింది. యాంటెన్నాతోనే 4కే వరకూ పంపగల పద్ధతి ఇది.

"అక్కా, వచ్చేటప్పుడు ఒకటి తెచ్చెయ్" అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, మన దగ్గర టీవీ ప్రసారాలు డీవీబీ పద్ధతిలో వస్తాయి, ఆ డబ్బా ఇక్కడ పేపర్ వెయిటే. పైగా అక్క ఇంకో మాట చెప్పింది: "మా దగ్గర చాలా ఛానెళ్ళు కొత్త సిగ్నల్‌కి డీఆర్ఎం పెట్టాయిరా. పాత సిగ్నల్ హాయిగా రికార్డ్ అవుతుంది, కొత్తది నా డబ్బా ముట్టుకోలేదు." కొత్త తరం రికార్డర్ కొన్నా మళ్ళీ మా పాత బాక్స్ కథే అన్నమాట. ఇదే ఏటీఎస్‌సీ 3.0 మీద ఆధారపడి, ఫోన్‌కి నేరుగా టీవీ ఇచ్చే డీ2ఎం ట్రయల్స్ 19 నగరాల్లో చేస్తామని మన కేంద్ర ప్రసార శాఖ కూడా 2024 జనవరిలో చెప్పింది. అది వచ్చినప్పుడు నేను మొదట అడిగేది పిక్చర్ క్వాలిటీ గురించి కాదు, రికార్డింగ్ గురించే.

చివరికి ఏం పెట్టాను

దూరదర్శన్ 2016లో 16 నగరాల్లో డీవీబీ-టీ2 మొదలుపెట్టినప్పుడు ఆ లిస్ట్‌లో వైజాగ్ లేదు. కాబట్టి నెలనెలా డబ్బు కట్టకుండా గాల్లోంచి టీవీ కావాలంటే నాకు దొరికిన దారి డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది ఇదే. నాకు కావలసిన ఛానెల్ అందులో తాళం లేకుండా వస్తోంది, అది చాలు.

గాజువాకలో యూఎస్‌బీ రికార్డింగ్ ఉన్న రెండు సెట్‌టాప్ బాక్స్‌లు షాపులోనే పెట్టి చూశాను. మీరూ ఇలాగే చేయండి: ఐదు నిమిషాలు రికార్డ్ చేసి, పెన్‌డ్రైవ్ తీసి ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీతో తెరవండి. మొదటి బాక్స్ ఫైల్ తెరుచుకోలేదు, రెండోది వెంటనే ప్లే అయింది. బాక్స్ మీద "పీవీఆర్ రెడీ" అని రెండింటికీ ఒకే అక్షరాలు!

రెండోది కొన్నాను. కానీ దాంట్లో ట్యూనర్ ఒక్కటే, రికార్డ్ అవుతుంటే అమ్మ వేరే ఛానెల్ చూడలేదు, అమ్మ చూస్తుంటే రికార్డింగ్ కుదరదు. అందుకే నా దగ్గరున్న రాస్ప్‌బెర్రీ పై 4కి డీవీబీ-ఎస్2 యూఎస్‌బీ ట్యూనర్ తగిలించి, టీవీహెడ్‌ఎండ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేశాను. రెండు అవుట్‌పుట్‌ల ఎల్ఎన్‌బీ పెట్టి, ఒక కేబుల్ బాక్స్‌కి, ఒకటి పైకి. ట్యూనర్ డ్రైవర్ కోసం రెండు రాత్రులు పోయాయి, ఇది అందరికీ చెప్పే సెటప్ కాదు. ఒకసారి కుదిరాక మాత్రం ఫోన్ నుంచే టైమర్ పెట్టొచ్చు, గంట రికార్డింగ్ సుమారు 1 జీబీ. ప్రోగ్రామ్‌కి ముందు పది నిమిషాలు, తర్వాత అరగంట అదనంగా పెట్టుకోండి. స్పేస్ పోయేది ఏమీ లేదు.

డిష్ సంగతి. జీశాట్-15 ఉండేది 93.5 డిగ్రీల తూర్పున, అంటే వైజాగ్ నుంచి ఆగ్నేయంగా, బాగా ఎత్తులో. మా మేడ మీంచి అటువైపు అడ్డేమీ లేదు. బోల్టులు మాత్రం స్టెయిన్‌లెస్ స్టీల్‌వే వాడండి, సముద్రపు గాలికి మామూలువి ఏడాదిలో తుప్పు ముద్దలవుతాయి. మా పాత డిష్ అయితే 2014 అక్టోబర్ 12న, హుద్‌హుద్ రోజున, ఎగిరిపోయి మర్నాడు పక్కింటి మామిడి చెట్టులో దొరికింది.

ఆ సాయంత్రం

టెలికాస్ట్ టైమ్‌కి కరెక్ట్‌గా వాన మొదలైంది. ఫ్రీ డిష్ వచ్చేది కేయూ బ్యాండ్‌లో, గట్టి వానకి సిగ్నల్ పడిపోతుంది. రెండు రికార్డర్లు పెట్టానని ధీమాగా ఉన్నాను గానీ రెండింటికీ డిష్ ఒక్కటే కదా! సిగ్నల్ మీటర్ చూస్తూ కూర్చోవడం తప్ప చేసేదేమీ లేదు. మధ్యలో నలభై సెకన్లు బొమ్మ గడులు గడులుగా విడిపోయింది, తర్వాత తేరుకుంది.

నాన్న బీ షిఫ్ట్ దిగి వచ్చి, యూనిఫాం కూడా మార్చకుండా చూశారు. బొమ్మ ఆగిపోయిన చోట ఆయనదే పద్యం నడుస్తోంది. టీవీ వంక చూస్తూనే మిగతాది ఆయనే అందుకున్నారు. దుర్యోధనుడు మాట్లాడే భాగం పూర్తిగా వచ్చింది, ఒక్క ఫ్రేమ్ కూడా పోలేదు.

ఫైల్ సైజు 1.1 జీబీ. మూడు చోట్ల కాపీ చేసి పెట్టాను. నాలుగోది పెన్‌డ్రైవ్‌లో వేసి దుర్యోధనుడు వేసిన ఆయన వాళ్ళబ్బాయికి ఇచ్చాను. వాళ్ళ ఇంట్లో ఉన్నది ఏడేళ్ళ నాటి టీవీ, నేరుగా యూఎస్‌బీలో పెడితే ప్లే అయిందట.