మణికట్టు మీద నాలుగు వరుసలు

రోడ్డు పక్కన స్పృహ లేకుండా పడి ఉన్న మనిషి దగ్గరికి 108 టెక్నీషియన్ వచ్చాడు. ఊపిరి ఆడుతోందో లేదో చూస్తూనే రెండు వేళ్లతో మణికట్టు పట్టుకుని నాడి వెతుకుతాడు. అక్కడ అందకపోతే మెడ పక్కన చూస్తాడు. జేబులూ పర్సులూ వెతకడం ఆ తర్వాతి సంగతి. మెడికల్ అలర్ట్ బ్రేస్‌లెట్ చేతికే పెట్టుకోమనడానికి కారణం ఇదే. చెయ్యి ఎలాగూ పట్టుకుంటారు, చెప్పాల్సిన మాటేదో అక్కడే ఉంటే వెంటనే కంటపడుతుంది.

ఈ ఆలోచన ఒక తండ్రికి వచ్చింది. 1953లో కాలిఫోర్నియాలోని టర్లాక్ అనే ఊళ్లో లిండా కాలిన్స్ అనే అమ్మాయికి గాయమైంది. ఆ రోజుల్లో ధనుర్వాతానికి విరుగుడును గుర్రం రక్తరసం నుంచి తీసేవారు. అది పడుతుందో లేదో చూడటానికి ఇచ్చిన కొద్దిపాటి మందుకే ఆ పిల్ల ప్రాణం మీదికి వచ్చింది. తండ్రి మారియన్ కాలిన్స్ డాక్టరు. కూతురు ఇల్లు దాటి వెళ్లినప్పుడు ఎవరైనా తెలియక మళ్లీ అదే మందు ఇస్తే? మొదట కాగితం చీటీ రాసి పెట్టారు, తర్వాత వెండి బ్రేస్‌లెట్ చేయించి, ఏ మందులు ఇవ్వకూడదో దాని మీద చెక్కించారు. 1956లో కాలిన్స్ దంపతులు ‘మెడిక్‌అలర్ట్’ సంస్థను మొదలుపెట్టారు.

ఇప్పుడు మన దగ్గరా ఈ బ్రేస్‌లెట్లు దొరుకుతున్నాయి. చిక్కంతా ఏం రాయించాలన్న దగ్గరే. బ్రేస్‌లెట్ మీది రేకు చిన్నది, చదవగలిగేంత పెద్ద అక్షరాలతో మూడు నాలుగు వరుసలకు మించి పట్టదు.

అరవై దాటిన ఒకాయన సంగతి చూద్దాం. కొడుకు చీటీ మీద రాసుకొచ్చిన జాబితా ఇది: షుగరు, బీపీ, కొలెస్టరాల్, గుండె ఆపరేషన్, పిత్తాశయం తీసేశారు, బి పాజిటివ్, ఇంటి అడ్రసు, ఆధార్ నంబరు. ఒక్కోదాన్నీ రెండు ప్రశ్నలు అడగాలి. ఇది తెలిస్తే మొదటి పది నిమిషాల్లో చేసే వైద్యం మారుతుందా? ఇది ఈ రేకు చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదా? రెండింటికీ అవునన్న జవాబు వస్తేనే దానికి చోటు.

షుగరు, బీపీ ఎంతున్నాయో అంబులెన్సులోనే కొలుస్తారు. కొలెస్టరాల్ ఎంతున్నా ఆ పూట చేసే పని మారదు. ఎప్పుడో తీసేసిన పిత్తాశయంతో ఇప్పుడు అవసరం లేదు. ఇంటి అడ్రసుకూ ఆధార్ నంబరుకూ వైద్యంతో సంబంధమే లేదు, పైగా వాటిని చేతికి కట్టుకుని ఊరంతా తిరగడం మంచిది కాదు. బ్లడ్ గ్రూపు సంగతి తర్వాత చెబుతాను. మిగిలింది ‘గుండె ఆపరేషన్’. ఆ మాట ఒక్కటే అయితే ఏమీ చెప్పదు. స్టెంటు వేశారా, బైపాసా, వాల్వు మార్చారా? విడమరిచి అడిగితే లోహపు వాల్వు అమర్చారని, రోజూ ఎసిట్రోమ్ మాత్ర వేసుకుంటున్నారని తేలింది. అన్నిటికన్నా ముఖ్యమైన విషయం అసలు జాబితాలోనే లేదు.

ఎసిట్రోమ్, వార్ఫరిన్ లాంటివి రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించే మందులు. లోహపు వాల్వు ఉన్నవాళ్లు జీవితాంతం వాడాలి. ఈయన స్కూటర్ మీంచి పడి తలకు చిన్న దెబ్బ తగిలిందనుకోండి. పైకి చూస్తే గీరుకుపోయినట్టే ఉంటుంది, లోపల మెదడు పక్కన రక్తం నెమ్మదిగా ఊరుతూ ఉండవచ్చు. మందు సంగతి తెలిసిన డాక్టరు వెంటనే సీటీ స్కాన్‌కు పంపుతాడు, రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్ఆర్ పరీక్ష చేయిస్తాడు, విటమిన్ కె లాంటి విరుగుళ్లు సిద్ధం చేసుకుంటాడు. నొప్పికి తుంటి మీద పొడిచే డైక్లోఫినాక్ ఇంజెక్షన్ కూడా ఆపేస్తాడు, ఎందుకంటే సూది దిగిన కండలోనే రక్తం గూడుకట్టవచ్చు. ఆయన రేకు మీద ఉండాల్సింది ఇంతే: ‘లోహపు గుండె వాల్వు. ఎసినోకౌమరాల్ వాడుతున్నారు.’ ఎసిట్రోమ్ కంపెనీ పెట్టిన పేరు, ఎసినోకౌమరాల్ మందు అసలు పేరు. అసలు పేరు రాయిస్తే ఏ రాష్ట్రంలో, ఏ దేశంలో పడిపోయినా డాక్టరుకు అర్థమవుతుంది. డోసు మాత్రం రాయించకండి. అది మారుతూ ఉంటుంది, దాన్ని పర్సులోని కార్డు మీద రాసుకోవాలి.

బ్లడ్ గ్రూపు రాయించక్కర్లేదంటే నాతో చాలామంది ఒప్పుకోరు. లైసెన్సు మీదా స్కూలు ఐడీ కార్డు మీదా దాన్నే చూసి పెరిగాం కదా! అయినా కార్డు మీదున్న గ్రూపును నమ్మి ఏ ఆసుపత్రీ రక్తం ఎక్కించదు, ఎక్కించకూడదు కూడా. గ్రూపు పరీక్ష నిమిషాల పని. ఎక్కించబోయే రక్తంతో రోగి రక్తాన్ని కలిపి చూసే పరీక్ష ఎలాగూ తప్పదు. అంత వ్యవధి కూడా లేకపోతే ఓ గ్రూపు రక్తం ఇస్తారు. 1950ల మొదట్లో అమెరికాలోని ఇండియానా, యూటా రాష్ట్రాల్లో కొన్నిచోట్ల బడిపిల్లలతో సహా జనానికి బ్లడ్ గ్రూపును ఒంటి మీద పచ్చబొట్టు పొడిచారు. ఆ పచ్చబొట్టును నమ్మి రక్తం ఎక్కించడానికి డాక్టర్లు ఇష్టపడలేదు, ఆ పద్ధతి నిలవలేదు.

ఇందులో ఒక మినహాయింపు ఉంది, అదీ మన దేశంలో బయటపడిందే. 1952లో డాక్టర్ వై.ఎం. భెండే బృందం బొంబాయిలో ఒక కొత్త గ్రూపును గుర్తించింది. దాన్నే బాంబే బ్లడ్ గ్రూపు అంటాం. మన దేశంలో సుమారు పదివేల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. మామూలు పరీక్షలో ఇది ఓ గ్రూపులాగే కనిపిస్తుంది, కానీ వీళ్లకు ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణాపాయం. అత్యవసరంలో అందరికీ ఇచ్చే రక్తమే వీళ్లకు విషమవుతుంది. అందుకే బాంబే గ్రూపు వాళ్లు మొదటి వరుసలోనే ఆ మాట చెక్కించుకోవాలి.

అలర్జీ విషయంలో మన భాషే కొంత తికమక పెడుతుంది. ‘నాకా మందు పడదు’ అంటాం. వేసుకుంటే విరేచనాలైనా పడదనే అంటాం, గొంతు వాచి ఊపిరి ఆగిపోయేంత పనైనా పడదనే అంటాం. మొదటిది దుష్ఫలితం, రెండోది అలర్జీ. రేకు మీద ఉండాల్సింది రెండోదే. అమెరికాలో పెన్సిలిన్ పడదని చెప్పుకునేవాళ్లు సుమారు పది శాతం ఉంటారు. వాళ్లను పరీక్షిస్తే పదిమందిలో తొమ్మిది మంది ఆ మందును ఇబ్బంది లేకుండా తట్టుకోగలరని తేలింది. ఉత్తి అనుమానాన్ని లోహం మీద చెక్కిస్తే, ఎప్పుడో ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ వచ్చిన రోజున చక్కగా పనిచేసే మందును మనమే దూరం చేసుకున్నట్టవుతుంది. చెక్కించేముందు డాక్టరును అడిగి రూఢి చేసుకోండి.

రేకు అవసరమైనవాళ్లలో డయాలసిస్ రోగులూ ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుదిపేసిందో మనకు తెలుసు. డయాలసిస్ చేయించుకునే వాళ్ల చేతిలో ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా చేస్తారు. దాని మీద చెయ్యి పెడితే లోపల సన్నగా జుయ్యిమంటున్నట్టు తెలుస్తుంది. వారానికి రెండు మూడుసార్లు రక్తం శుద్ధి కావడానికి ఆ మనిషికున్న దారి అది. కంగారులో ఎవరైనా ఆ చేతికే బీపీ పట్టీ బిగించినా, సెలైన్ సూది గుచ్చినా ఫిస్టులా పాడైపోవచ్చు. ‘డయాలసిస్. ఎడమ చేతికి సూది, బీపీ వద్దు’ అని ఉంటే చాలు. బ్రేస్‌లెట్ మాత్రం రెండో చేతికి పెట్టాలి.

ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవాళ్లకూ ఇది అవసరం. వాళ్ల ఒంట్లో కార్టిసాల్ తయారీ మందగించి ఉంటుంది. పెద్ద ప్రమాదం జరిగితే బీపీ పడిపోయి, సెలైన్ ఎక్కించినా లేవకపోవచ్చు. అప్పుడు కావాల్సింది హైడ్రోకార్టిజోన్ ఇంజెక్షన్. ‘స్టెరాయిడ్ ఆపకూడదు’ అన్న రెండు మాటలు దారి చూపుతాయి.

రేకుకు రెండు వైపులుంటాయి. డాక్టర్ల కోసం ఒకవైపు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాయిస్తే, రెండోవైపు తెలుగులో రాయించమంటాను. ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు ముందు చేరేది డాక్టరు కాదు, బస్సులో పక్క సీటు మనిషి. ఆయన ప్రేమతోనే చేతిలో తాళంచెవులు పెడతాడు, నోట్లో నీళ్లు పోస్తాడు. తాళంచెవుల వల్ల ఫలితం లేదు, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ‘ఫిట్స్. పక్కకు తిప్పండి. నోట్లో ఏమీ పెట్టొద్దు. 5 నిమిషాలు దాటితే 108’ అని ఆయనకు తెలిసిన భాషలో ఉండాలి. ఇన్సులిన్ వాడేవాళ్లు షుగరు పడిపోయి తూలుతుంటే తాగారనుకుని పక్కకు తోసేవాళ్లున్నారు, అక్కడా ‘ఇన్సులిన్ వాడతారు’ అన్న తెలుగు మాట కాపాడుతుంది.

ఇక ఫోన్ నంబరు. భార్యాభర్తలు ఒకరిది ఒకరు రాయించుకుంటారు. ఇద్దరూ ఒకే బండి మీద వెళ్తూ పడితే ఎవరు ఎత్తుతారు? ఇంట్లో ఉండే మూడో మనిషి నంబరు కావాలి. క్యూఆర్ కోడ్ ఉన్న బ్రేస్‌లెట్లూ వస్తున్నాయి, ఉంటే మంచిదే. కానీ వర్షంలో, సిగ్నల్ లేని ఘాట్ రోడ్డులో కంటితో చదవగలిగిన అక్షరమే పనికొస్తుంది.

మందు మారితే రేకూ మారాలి. పాత రేకు తప్పు చెబుతుంది, తప్పు చెప్పే రేకు కన్నా అసలు లేకపోవడమే నయం. ఈసారి మీ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, చీటీ అందుకుని లేచేముందు, ఒక్క ప్రశ్న అడగండి: ‘నేను మాట్లాడలేని స్థితిలో ఉంటే, నన్ను చూసే డాక్టరుకు ముందుగా ఏం తెలియాలి?’ ఆయన చెప్పిన జవాబును అక్కడే కాగితం మీద రాయించుకుని, అదే చెక్కించండి.