తాడు కట్టే ముందు...

సూర్యలంకలో సరదాగా గడుపుదామని తెనాలి నుంచి పిల్లలతో కారులో బయలుదేరారు. బాపట్ల దాటారో లేదో బండి మొరాయించింది. అటుగా వచ్చిన ట్రాక్టరతను 'తాడుంది, కట్టేద్దాం సార్' అంటాడు. సాయానికేం కొదవలేదు. వెనక కారులో కూర్చునేవారిదే అసలు కష్టం!

ఇంజిన్ ఆగిపోతే చాలా కార్లలో స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకు రెండు మూడుసార్లు తొక్కాక పెడల్ రాయిలా మారుతుంది. తాళంచెవి తీసేస్తే స్టీరింగే లాకైపోవచ్చు. రేపల్లె వైపు కాలువ పక్క మలుపులో అలా జరిగితే..! అందుకే తాళం 'ఆన్'లో, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. తాడు వదులు కాకుండా బ్రేకు చూసుకోవాల్సిందీ వెనకున్నవారే.

ఇదంతా మామూలు గేర్ల కారు సంగతి. ఆటోమేటిక్ అయితే తాడు జోలికి పోకపోవడమే మేలు. చాలావాటిలో గేర్‌బాక్సుకి ఆయిల్ అందించే పంపు ఇంజిన్‌తోనే తిరుగుతుంది. ఇంజిన్ ఆగి చక్రాలు మాత్రం తిరిగితే లోపలి భాగాలు అరిగిపోతాయి. ఎలక్ట్రిక్ కారైతే మోటారే కరెంటు పుట్టించి కొత్త తంటా తెస్తుంది. ఇలాంటివాటిని లారీమీద ఎక్కించాల్సిందే. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఇదంతా ఉంటుంది, మనం చదవం గానీ.

అమెరికాలో మోటార్‌హోమ్ వెనక చిన్న కారుని ఇనుప కడ్డీతో తగిలించి, లోపల ఎవరూ లేకుండానే వందల మైళ్లు లాక్కెళ్తారు. మనకది కుదరదు. ముందు చక్రాలు పైకెత్తకపోతే స్టీరింగ్ దగ్గర లైసెన్సున్న మనిషి ఉండాలని 1989 నాటి రోడ్డు నిబంధనలే చెప్పాయి. బండ్ల మధ్య దూరం 5 మీటర్లు, వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటకూడదన్నాయి. అదీ దగ్గర్లోని మెకానిక్ షెడ్డు దాకానే. అంటే బాపట్ల వరకే, తెనాలి దాకా కాదు. ట్రాక్టరతనికి ఆ మాట ముందే చెప్పండి.