దరోజి ఎలుగుల గుట్టలు

దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యమునకు పిల్లలను తీసికొనిపోవుటకై తల్లిదండ్రుల అనుమతి కోరుచు మేము పత్రములు పంపితిమి. మరునాడు ఒక తండ్రి స్వయముగా పాఠశాలకు వచ్చి, "మా ఊరెనకే రాళ్లూ ముళ్లకంపా కావల్సినంత ఉండాయి గదా సార్, దుడ్డు పెట్టి అవి చూసేకి యాల పోవల్ల?" అని యడిగెను. ప్రశ్న న్యాయమైనదే. ఆనాడు మేము చెప్పిన సమాధానము మాకే తృప్తి నీయలేదు. చూచివచ్చితిమి గనుక ఇప్పుడు వ్రాయుచున్నాము.

ఈ అభయారణ్యము హంపికి సుమారు 15 కిలోమీటర్ల దూరమున, దరోజి, రామసాగరము గ్రామముల నడుమనున్నది. 1994లో కర్ణాటక ప్రభుత్వము దీనిని ఏర్పరచినది. 2009లో విస్తరింపగా ఇప్పటి వైశాల్యము సుమారు 82 చదరపు కిలోమీటర్లు. అడవి యనగానే మనకు తోచు ఎత్తైన వృక్షములు ఇచ్చట లేవు. రేగు, జాన, తునికి, సీతాఫలము మొదలగు పొదలు, చిన్న చెట్లు, వాని నడుమ గుండ్రాళ్ళ గుట్టలు. ఈ రాయి సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిది. ఎండకు, వానకు పగిలి గుండ్లై ఒకదానిపై నొకటి నిలిచినది. ఆ గుండ్ల సందులలో చల్లని గుహలున్నవి. కిష్కింధ ఈ ప్రాంతమే యని జనుల నమ్మకము. కావున జాంబవంతుని బంధువులను చూడబోవుచున్నామని పిల్లలు దారిపొడవునను ఒకటే సందడి.

ఎలుగుబంటికి కావలసినవన్నియు ఆ రాళ్ళలో, ఆ ముళ్ళలోనే యున్నవి. పగటి యెండలో అది గుహలలో పరుండి, ప్రొద్దు వాలిన పిమ్మట మేతకు వెడలును. చెదలు, చీమలు, తేనె, పండ్లు దాని ముఖ్యాహారము. పొడవైన గోళ్ళతో గట్టి పుట్టను తవ్వి, మట్టిని ఊదివేసి, చెదలను నోటితో పీల్చుకొనును. దాని పై పలువరుసలో ముందుండవలసిన రెండు పళ్ళు పుట్టుకతోనే లేవు. ఆ సందే పీల్చుటకు గొట్టమువలె ఉపయోగపడును. ధూళి పోకుండ ముక్కుపుటములను మూసికొనగలదు. అది తిన్న పండ్ల గింజలు పెంటతోపాటు దూరదూరములకు చేరి మొలకెత్తును. అనగా రేగుపొదను, తునికి చెట్టును నాటు కూలి యిదే!

కొండకు ఎదురుగా కట్టిన గోపురముపై మేము కూర్చుంటిమి. కావలివారు మధ్యాహ్నమే ఎదుటి బండలపై బెల్లము కలిపిన తీపిముద్ద పూసి పోయిరి. ఇట్లు తిండి పెట్టి రప్పించుట మాకు అంతగా రుచింపలేదు. కాని ఇది లేకున్న పిల్లలకు ఎలుగు కానవచ్చుట కష్టమే. "మాతాడబేడి" అని కావలివారు ముందే హెచ్చరించిరి. మన పిల్లలకు ఆ మాట అనువదింపనక్కరలేదు. అయినను నెమలి రాగానే ఒకడు కేక వేసెను, పదిమంది నవ్విరి. గుహ వాకిట కదలిన నల్లని రూపము వెనుకకు మరలెను. తప్పు మాదే. కదలక కూర్చుండుట నేర్పకయే తీసికొనిపోతిమి.

ముప్పావుగంట గడచినది. తరువాత ఒక తల్లి యెలుగు వీపుపై రెండు పిల్లలతో బండ దిగెను. పిల్లలు దాని దట్టమైన జూలును పట్టుకొని కూర్చున్నవి. ఎలుగు పిల్లలు పుట్టిన కొన్ని నెలల వరకు ఇట్లే తల్లి వీపుపై సవారి చేయును. అప్పుడు మా బాలబాలికలలో ఒక్కరును ఊపిరి విడిచిన చప్పుడు లేదు.

తల్లులు కొందరు మమ్ము భయముతో ప్రశ్నించిరి గనుక అపాయమును గూర్చియు చెప్పవలెను. గోపురముపై అపాయము లేదు. అపాయమున్నది మన ఊళ్ళ చుట్టునున్న గుట్టలలోనే. ఎలుగునకు వాసన బాగుగా తెలియును, చూపు, వినికిడి అంతంతమాత్రము. దగ్గరకు వచ్చువరకు మనిషిని గుర్తింపదు. గుర్తించిన క్షణమున బెదరి మీద పడును. పిల్లలతోనున్న తల్లి మరింత ప్రమాదకరము. అందుచేత గోపురముపై మౌనము ఎంత అవసరమో, గుట్టదారిలో మాటలాడుచు నడచుట అంత అవసరము. తెల్లవారుజామున, సందెవేళ ఒంటరిగా పోరాదు. గుహ వాకిళ్ళవైపు అసలే పోరాదు. 1972 నాటి వన్యప్రాణి చట్టము ఈ జంతువును రక్షించుచున్నది. కాని రాయి పగులగొట్టి, పొద నరికివేసినచో అది తిండికై చేలలోనికి రాక ఏమి చేయును?

అనుమతిపత్రము వేళ ప్రశ్నించిన ఆ తండ్రి కుమారుడు మాతో వచ్చెను. మరుసటి ఆదివారము ఆ బాలుడు తండ్రిని ఊరి వెనుక గుట్టకు తీసికొనిపోయి, తవ్విన చెదపుట్టలను, వానిపైనున్న గోళ్ళ గీతలను చూపెనట. "పందులు తవ్వుతాండాయి అనుకున్యాం సార్, ఇన్నేండ్లు" అని తండ్రి మాతో చెప్పెను. ఆ యింటి ఆడవారు కోడికూతవేళ ఆ గుట్టకు కట్టెలకు పోవుట మానిరి. ఇప్పుడు ఎండ పొడిచిన తరువాత నలుగురు కూడి, మాటలాడుకొనుచు పోవుచున్నారు.