ఒక్క సీటు... నెల సరుకులు!

2023లో న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు చూశానండీ, ఈ నాటకాల పిచ్చి! స్టీఫెన్ సోండ్‌హైమ్ పాటలు కట్టిన 'మెరిలీ వియ్ రోల్ అలాంగ్' 1981లో బ్రాడ్‌వేలో 16 ప్రదర్శనలకే మూతపడింది. దాన్నే మళ్లీ వేస్తున్నారు. అదీ కొన్ని నెలలే. పైగా 'హ్యారీ పోటర్' కుర్రాడు డేనియల్ రాడ్‌క్లిఫ్ ఉన్నాడు. ఇంకేముంది!

హడ్సన్ థియేటర్లో వెయ్యి సీట్లైనా లేవు. గిరాకీ పెరిగితే విమానం టికెట్టులా రేటూ పెరుగుతుంది. మంచి సీటంటే వందల డాలర్లే. మా అమ్మాయి నెలనెలా దాచుకుంది.

"ఒక్కదానివే వెళతావా?" అన్నాను.

"ఇద్దరం వెళితే నెల సరుకులు గోవిందా అమ్మా!"

సురభి నాటకానికి ఇంటిల్లిపాదీ కదిలే మనకిది విడ్డూరమే. గడువు పొడిగించి 2024 జులై 7 దాకా ఆడారు. రేట్లు దిగొస్తాయనుకున్నాం. ఎక్కడ! ఆఖరి రోజులంటే మరీ ఎగబడ్డారు. సీటు దొరకనివాళ్ల అదృష్టం, నాటకాన్ని చిత్రీకరించి 2025 డిసెంబరులో సినిమా హాళ్లకు తెచ్చారు.