మంగోల్ సామ్రాజ్యాన్ని నడిపిన ఖాతూన్లు

1241 డిసెంబరులో మంగోల్ సామ్రాజ్యాధిపతి ఒగొదేయ్ మరణించిన నాటి నుండి 1251లో మోంగ్కె సింహాసనమెక్కే వరకు గడిచిన పదేళ్లలో అధిక భాగం, చైనా ఉత్తర భాగం నుండి వోల్గా తీరం దాకా విస్తరించిన ఆ మహాసామ్రాజ్యానికి అధికారిక పాలకులు ఇద్దరు స్త్రీలు. వారు తొరెగెనె, ఒఘుల్ ఖైమిష్. రాజవంశపు ఆడవారిని మంగోలులు ఖాతూన్లని పిలిచేవారు. వారి అధికారాన్ని అంతఃపుర కుట్రల ఫలితంగా భావించడం పొరపాటు. దానికి ఆస్తి బలమూ, ఆచార బలమూ ఉన్నాయి.

ఖానుకు పలువురు భార్యలుండేవారు. వారిలో పెద్ద స్థానం గలవారికి ఒక్కొక్కరికి ఒక ఓర్దో, అంటే గుడారాలు, బండ్లు, పశువుల మందలు, సేవకులు, ఆశ్రిత కుటుంబాలతో కూడిన సంచార స్థావరం ఉండేది. మగవారు ఏళ్ల తరబడి యుద్ధాలలో ఉండగా ఆ స్థావరాన్ని తరలించడం, మందలను, మనుషులను పోషించడం, రాబడిని వర్తకులకు పెట్టుబడిగా ఇచ్చి లాభం రాబట్టడం ఖాతూన్ల పని. భర్త మరణిస్తే, కుమారులు పెద్దవారయ్యేదాకా అతని ప్రజలనూ ఆస్తినీ ఏలే హక్కు కూడా వారిదే. కొత్త ఖానును ఎన్నుకునే రాజవంశ మహాసభ అయిన కురుల్తాయ్‌లోనూ వారికి స్థానముండేది.

ఒగొదేయ్ భార్య తొరెగెనె ఈ హక్కుతోనే పగ్గాలు చేపట్టింది. అయితే భర్త జీవించి ఉండగానే, 1240లో, ఆమె పేరిట వెలువడిన ఒక శాసనం చైనాలో శిలాఫలకంపై నిలిచి ఉన్నదంటే ఆమె ప్రాబల్యం వైధవ్యంతో మొదలైనది కాదని స్పష్టమవుతుంది. ఒగొదేయ్ తన మనుమడు షిరెమున్‌ను వారసుడిగా కోరుకున్నా, ఆమె పాత మంత్రులను తొలగించి, బంధువులను కానుకలతో కూడగట్టుకొని, కురుల్తాయ్‌ను ఐదేళ్ల పాటు జాప్యం చేసి, 1246లో తన కుమారుడు గుయుక్‌ను గద్దెనెక్కించింది.

ఇంతకన్నా లోతైన రాజనీతి సోర్ఖాక్తాని బేకిది. కెరెయిత్ తెగకు చెందిన ఈమె చెంగిజ్ ఖాన్ చిన్న కుమారుడు తొలుయ్ భార్య. మోంగ్కె, కుబ్లాయ్, హులగు, అరిక్ బోకెల తల్లి. 1232లో భర్త మరణించగా, తన కుమారుడు గుయుక్‌ను పెళ్లాడమని ఒగొదేయ్ చేసిన ప్రతిపాదనను, పిల్లల పెంపకమే తన బాధ్యత అంటూ ఆమె మర్యాదగా తోసిపుచ్చింది. ఒప్పుకొని ఉంటే తొలుయ్ వంశపు సేనలూ సంపదా ఒగొదేయ్ వంశం చేతికి చిక్కేవి గనుక, ఆ ఒక్క నిరాకరణే తరువాతి చరిత్రను మలుపు తిప్పిందనవచ్చు. 1236లో ఉత్తర చైనాలోని జెంగ్‌డింగ్ ప్రాంతం తన భాగానికి రాగా, అక్కడి పొలాలను పచ్చికబయళ్లుగా మార్చకుండా రైతుల సేద్యాన్ని ప్రోత్సహించి, పన్ను రాబడిని నిలుపుకుంది. స్వయంగా నెస్టోరియన్ క్రైస్తవురాలై ఉండి, బుఖారాలో ఇస్లామీయ విద్యాలయమైన మదరసాకు ధనమిచ్చింది. పాలితుల మతాలను ఆదరించడం రాజ్యానికి ఎంత అవసరమో ఆమెకు తెలుసు.

1248లో గుయుక్ సైన్యంతో పడమరకు కదిలినప్పుడు, ఆ దండు వోల్గా ప్రాంతాన్నేలే బాతు మీదికే రావచ్చునని సోర్ఖాక్తాని అతనికి రహస్యంగా కబురంపింది. గుయుక్ దారిలోనే మరణించాడు. అతని భార్య ఒఘుల్ ఖైమిష్ రాజప్రతినిధి అయినా, ఆ వార్తకు కృతజ్ఞుడైన బాతు అండతో 1251లో సోర్ఖాక్తాని పెద్దకొడుకు మోంగ్కె మహాఖాన్ అయ్యాడు. ఆ వెంటనే ప్రత్యర్థులపై సాగిన దమనకాండ క్రూరమైనది. ఒఘుల్ ఖైమిష్‌ను సోర్ఖాక్తాని ఓర్దోలోనే విచారించి చంపించారు.

ఈ స్త్రీల గురించి తెలిపే ప్రధాన పారసీక చరిత్రకారులు జువైనీ, రషీదుద్దీన్‌లు హులగు వంశపు కొలువులో రాసినవారు కావడం మరువరాదు. సోర్ఖాక్తానికి దక్కిన పొగడ్తలోనూ, మిగిలిన ఇద్దరికి దక్కిన నిందలోనూ గెలిచిన పక్షం కంఠస్వరం వినిపిస్తుంది. తొరెగెనె, సోర్ఖాక్తాని ఇద్దరూ చేసిన పని ఒకటే: కొడుకు కోసం కురుల్తాయ్‌ను తమవైపు తిప్పుకోవడం. సోర్ఖాక్తాని 1252లో మరణించింది. అదే కాలంలో మధ్య ఆసియాలోని చగతాయ్ రాజ్యంలో ఓర్ఘినా ఖాతూన్ పసివాడైన కుమారుని పేరిట పాలన చేపట్టి, సుమారు తొమ్మిదేళ్లు ఆ దేశాన్ని ఏలింది.