మంగలి కత్తికి తొలిసారి పదును పెడుతున్నారా..? బలం వద్దు.. కత్తి వెన్నే కోణం చూపిస్తుంది!

ఇంట్లో అటక మీది పాత పెట్టె తీస్తే తాతల నాటి మంగలి కత్తి ఒకటి బయటపడుతుంది. మరోవైపు ఫోన్ తెరిస్తే చాలు.. అలాంటి కత్తితో నున్నగా గడ్డం గీసుకునే రీల్స్. ఇంకేం.. మనమూ ట్రై చేద్దాం అనిపిస్తుంది. కానీ ఆ కత్తి ఏళ్ల తరబడి పదును లేక మొద్దుబారి ఉంటుంది. తొలిసారి సానరాయి మీద పెట్టేటప్పుడు చేసే చిన్న పొరపాటు చాలు.. అరవై ఏళ్లు నిలిచిన కత్తి అరగంటలో పనికిరాకుండా పోతుంది. మరి ఎలా నూరాలి..? అసలు ఏ కత్తి నూరాలి..?

ముందు ఒక క్లారిటీ. ఇప్పుడు మన సెలూన్లలో కనిపించే ఉస్తరా వేరు, ఈ కత్తి వేరు. సెలూన్ ఉస్తరాలో బ్లేడును సగానికి విరిచి దూరుస్తారు.. పని అయ్యాక పడేస్తారు. దానికి నూరే పనే లేదు. పాత మంగలి కత్తి అలా కాదు.. మొత్తం ఒకే ఉక్కు ముక్క. పదును పోతే మళ్లీ నూరి వాడుకోవాల్సిందే.

ములుగు, పాత వరంగల్ జిల్లా పల్లెల్లో ఆయగాళ్ల పద్ధతి నడిచిన రోజుల్లో క్షురక వృత్తిదారులు పొది చంకన పెట్టుకుని ఇంటింటికీ వచ్చేవారు. పంట చేతికొచ్చాక వాళ్లకు వడ్లు కొలిచి ఇచ్చేవారు. ఆ పొదిలో కత్తి ఎంత ముఖ్యమో సానరాయి, తోలు పట్టా కూడా అంతే ముఖ్యం. పదును పెట్టడం రానివాడికి కత్తి చేతికి ఇచ్చేవారే కాదు. ఆ పని ఇప్పుడు చాలా ఇళ్లలో ఆ తరంతోనే ఆగిపోయింది. మీ ఊళ్లో ఇంకా తెలిసిన పెద్దాయన ఎవరైనా ఉంటే యూట్యూబ్ కంటే ముందు ఆయన దగ్గర కూర్చోండి.

సాన చక్రం దగ్గరికి అస్సలు వద్దు

వీధుల్లో సైకిల్ చక్రం తొక్కుతూ కత్తులు, కత్తెరలు సాన పట్టేవాళ్లు వస్తుంటారు కదా. కూరగాయల కత్తికి అది ఓకే. మంగలి కత్తి మాత్రం ఇవ్వొద్దు. ఎందుకంటే ఈ కత్తి అంచు కాగితం కంటే పల్చన. వేగంగా తిరిగే చక్రం తగలగానే వేడెక్కిపోతుంది. అంచు నీలం రంగుకు తిరిగిందంటే ఉక్కు గట్టిదనం పోయినట్టే. ఆ తర్వాత ఎంత నూరినా పదును నిలవదు.

హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే నల్లటి కార్బొరండం రాయి కూడా దీనికి సరిపోదు. అది గొడ్డలి, కొడవలి కోసం. మంగలి కత్తికి నున్నటి రాళ్లు కావాలి. రాయి ఎంత నున్నగా ఉందో గ్రిట్ నంబర్ చెబుతుంది.. నంబర్ పెరిగే కొద్దీ రాయి నునుపు. బాగా మొద్దుబారిన కత్తికి 1000తో మొదలుపెట్టి 4000, 8000 దాటి.. వీలైతే 12000 దాకా వెళ్తారు. రాయి పైభాగం చదునుగా ఉండటం తప్పనిసరి. మధ్యలో గుంట పడ్డ రాయి మీద ఎన్ని గంటలు నూరినా అంచు సమంగా రాదు.

కత్తిని కూడా ఓసారి లైట్ కింద చూడండి. పైపై తుప్పు అయితే నూనె రాసి, సన్నటి ఉప్పుకాగితంతో మెల్లగా తీసేయొచ్చు. అంచు దగ్గరే తుప్పు లోతుగా తినేసి గుంటలు పడి ఉంటే మాత్రం నూరే కొద్దీ అంచు విరుగుతూనే ఉంటుంది. అలాంటిది తాత గుర్తుగా దాచుకోవడమే మేలు.

అసలు కిటుకు వెన్నులోనే

వంటింటి కత్తి నూరేటప్పుడు కోణం మన చేతిలో ఉంటుంది. ఎంత ఎత్తి పట్టాలో అలవాటు మీద తెలుస్తుంది. మంగలి కత్తి తయారు చేసినవాళ్లు ఆ తలనొప్పి లేకుండా చేశారు. కత్తికి పైన లావుగా వెన్ను ఉంటుంది చూడండి.. ఆ వెన్ను, కింద అంచు రెండూ ఒకేసారి రాయికి ఆనేలా పడుకోబెడితే చాలు. కోణం దానంతట అదే వస్తుంది.. సుమారు 16 డిగ్రీలు. కాబట్టి వెన్ను పైకి లేపొద్దు. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. కూరగాయల కత్తి అలవాటుతో వెన్ను కాస్త లేపుతారు.. అంచు గుండ్రంగా అరిగిపోతుంది.

వెన్ను అరగకుండా కొందరు దాని మీద ఒక వరస ఎలక్ట్రికల్ టేప్ అంటిస్తారు. వేస్తే మొదటి రాయి నుంచి చివరి రాయి దాకా ఉంచాలి.. మధ్యలో తీస్తే కోణం మారిపోతుంది.

ఇక రుద్దే తీరు. రాయి తడిపి, కత్తిని పడుకోబెట్టి.. అంచు ముందుండేలా తోయాలి. రాయి మీది పొరను గీస్తున్నట్టు అన్నమాట. కత్తి పొడవు రాయి వెడల్పు కంటే ఎక్కువ ఉంటుంది కాబట్టి పిడి వైపు నుంచి మొదలుపెట్టి, ఐమూలగా జరుపుతూ కొన దగ్గర ముగించాలి. అప్పుడే అంచు మొత్తం రాయికి తగులుతుంది. చివర్లో కత్తిని తిప్పేటప్పుడు వెన్ను రాయి మీదే ఉండాలి.. అంచు మీదుగా తిప్పితే అయిపోయినట్టే. ఆ వైపు ఒకసారి, ఈ వైపు ఒకసారి.. లెక్క సమానం.

బలం పెట్టొద్దు. కత్తి బరువుకు తోడు వేలు ఆనించినంత ఒత్తిడి చాలు. నొక్కితే పల్చటి అంచు వంగుతుంది. పైగా త్వరగా అయిపోవాలన్న తొందరలో 1000 రాయి నుంచి నేరుగా 8000కి దూకేస్తారు. నిజానికి పని అంతా మొదటి రాయి దగ్గరే ఉంది. రెండు వైపులా నునుపు తలాలు అంచు దగ్గర ఒక గీతగా కలిసేదాకా అక్కడే ఉండాలి. మిగతా రాళ్లు ఆ గీతను మెరుగు పెడతాయంతే.

కలిసిందో లేదో ఎలా తెలుస్తుంది..? అంచు పైకి ఉండేలా కత్తిని పట్టుకుని ఫోన్ టార్చ్ వేయండి. అంచు మీద ఎక్కడైనా తళుక్కున మెరిసిందంటే అక్కడ ఇంకా మొద్దుగానే ఉంది. పదునెక్కిన అంచు వెలుతురుకు మెరవదు. తర్వాత చేతి మీది వెంట్రుకలు తేలిగ్గా తెగుతున్నాయో లేదో చూడండి. వేలితో అంచు నిమిరి చూడటం మాత్రం వద్దు.

చివరగా తోలు పట్టా. ఇక్కడ దిశ తిరగబడుతుంది.. వెన్ను ముందు, అంచు వెనక. రాయి మీద లాగే అంచు ముందు పెడితే పట్టా తెగుతుంది, పదునూ పోతుంది. పట్టా బిగుతుగా లాగి పట్టుకుని 40 నుంచి 60 సార్లు. గడ్డం గీసుకునే ప్రతిసారీ ముందు ఇది చేస్తే సానరాయి అవసరం నెలల తర్వాతే వస్తుంది.

ఒకరి కత్తి ఒకరికే

ఇంత పదును పెట్టిన కత్తిని అన్నదమ్ములు, దోస్తులు పంచుకోవడం మాత్రం ప్రమాదం. కంటికి కనిపించని రక్తపు చుక్క చాలు. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. పటిక రుద్దితే రక్తం ఆగుతుంది కానీ వైరస్ చస్తుందన్న గ్యారంటీ లేదు. డెటాల్ నీళ్లలో ఒకసారి ముంచి తీయడమూ అంతే. సెలూన్లు కత్తి వదిలి బ్లేడుకు మారడానికి ఈ భయమే పెద్ద కారణం. రెండేళ్లకోసారి జరిగే మేడారం జాతరలో తలనీలాలు ఇచ్చే భక్తులు కూడా కొత్త బ్లేడు మీ కళ్ల ముందే మార్చమని అడగండి. అడిగితే తప్పేం లేదు.

తొలిసారి గీసుకునేటప్పుడు గడ్డాన్ని వేడి నీళ్లతో నానబెట్టి, కత్తిని చర్మానికి దాదాపు 30 డిగ్రీల వాలులో పట్టుకుని, చెంపల వరకే చాలించండి. గొంతు, గదవ జోలికి పోవద్దు. షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు అసలు ఈ ప్రయోగమే మానుకోవాలి. వెంట్రుక తెగకుండా లాగినట్టు అనిపిస్తే ఆపేసి మళ్లీ పట్టా మీదకు, అప్పటికీ కాకపోతే 8000 రాయి మీదకు వెళ్లండి. వాడాక తుడిచి, పూర్తిగా ఆరాక, ఒక చుక్క కుట్టుమిషన్ నూనె రాసి, పిల్లలకు అందని చోట పెట్టండి. వానాకాలంలో తడి కత్తికి ఒక్క రాత్రి చాలు.. పొద్దున్నే తుప్పు చుక్కలు కనిపిస్తాయి.